టైల్స్ పెట్టె మీద మూడో ఎక్కం

పెట్టెను కాలితో పక్కకు జరిపాను. లోపల గాజుకు గాజు తగిలిన సన్నని చప్పుడు, దాని వెనకే నీళ్ళు అటు నుంచి ఇటు ఒరిగిన చప్పుడు వినిపించాయి. టైల్స్ పెట్టెలో నీళ్ళెందుకుంటాయి?

సోమవారం ఉదయం తొమ్మిదిన్నర. పిల్లలిద్దరూ స్కూలు వ్యానెక్కి అప్పటికి అరగంట అయింది. ఉదయగిరిలో మా ఇంటి వెనక వసారాను ఆనుకుని సామాన్ల గది ఉంది. చీపురు పట్టుకుని ఆ గదిలో ఉన్నాను. మూడు రోజుల కిందట మా బావ, అంటే మా ఆయనకు అన్న, ఎనిమిది అట్టపెట్టెలు ఆటోలో తెచ్చి గోడవారగా పేర్పించాడు. మేడ మీద తాముండే వాటాలో కొత్తగా కడుతున్న బాత్రూముకు టైల్సు అన్నాడు. పెట్టెల మీద టైల్స్ బొమ్మే ఉంది. నేను ఇంకో మాట అడగలేదు.

చీపురు గోడకానించి, ఈసారి చేత్తో జరిపి చూశాను. మళ్ళీ అదే చప్పుడు. టేపు ఊడదీసి చూస్తే తేలిపోయేది. నా గోరు టేపు అంచు మీద ఉంది కూడా. కానీ చూస్తే తెలుస్తుంది, తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది. చెయ్యి తీసేశాను. సగం ఊడ్చిన గదిని అట్లాగే వదిలేసి బయటికొచ్చి గడియ పెట్టాను. ఆ తర్వాత వంటింట్లో నిలబడి పది నిమిషాల సేపు కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

ఎందుకంత భయపడ్డానో చెప్పాలంటే నా పేరు మీద ఉన్న షాపు సంగతి చెప్పాలి.

మేము బాప్టిస్టులం, మా సంఘంలో మందు ముట్టడం పాపం. మా అమ్మావాళ్ళది వరికుంటపాడు దగ్గర పల్లె. నెల మొదటి ఆదివారం గుడిలో ప్రభువు బల్ల ఇచ్చేటప్పుడు చిన్న గ్లాసులో పోసే ద్రాక్షరసం కూడా మా అమ్మ ఇంట్లో పళ్ళు ఉడికించి వడకట్టిందే. బజార్లో కొన్నదాన్ని నమ్మదు. అట్లాంటి అమ్మ కూతురి పేరు మీద ఆత్మకూరులో మందు షాపు లైసెన్సు ఉంది.

మద్యం షాపులు మళ్ళీ ప్రైవేటువాళ్ళకు లాటరీ తీసి ఇస్తారన్నప్పుడు మా వైపు చాలా ఇళ్ళల్లో జరిగిందే మా ఇంట్లోనూ జరిగింది. ఇంట్లో ఎన్ని ఆధార్ కార్డులుంటే అన్ని దరఖాస్తులు. మా ఆయన పేరు మీద ఒకటి, నా తోడికోడలి పేరు మీద ఒకటి, నా పేరు మీద ఒకటి పెట్టారు. బావ తన పేరు మాత్రం పెట్టుకోలేదు. ఆయన సంఘపెద్ద, గుడిలో ముందు వరసలో కూర్చునే మనిషి. లాటరీలో నా పేరొచ్చింది. ఆ రోజు బావ కోవా పెట్టె తెచ్చి, మొదటి ముక్క నాకే ఇచ్చాడు.

"మా మరదలి పేరు అచ్చొచ్చిందిరా," అన్నాడు మా ఆయనతో.

కోవా తిన్నాను. బాగుంది కూడా. నేను బీఎస్సీ, బీఈడీ చదివాను. రెండోవాడు పుట్టకముందు రెండేళ్ళు ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పాను. అట్లాంటిదాన్ని ఆ రోజు ఒక్క కాగితం చదవలేదు. దరఖాస్తు మీద సంతకం మా ఆయన పెట్టాడు, తర్వాత కావాల్సినవన్నీ ఆయనే పెట్టాడు. నా సంతకం తెలుగులో ఉంటుంది. ఆయన నా పేరును ఇంగ్లీషులో గీకేవాడు. అదేందని అడిగితే, ఎవరు చూడొచ్చారు అని నవ్వాడు.

షాపు బోర్డు కింద చిన్న అక్షరాల్లో లైసెన్సుదారు పేరు రాయాలట. అందుకని బస్సులో ఆత్మకూరు పోయేటప్పుడు కిటికీ పక్కన నేనే కూర్చునేదాన్ని. మా పాపకు ఎనిమిదేళ్ళు, కనిపించిన బోర్డల్లా చదివే వయసు. షాపు వచ్చే మలుపు దగ్గర దాని తలను నా ఒళ్ళోకి లాక్కుని, జడ ఊడిపోయిందని చెప్పి మళ్ళీ అల్లేదాన్ని. గుడిలో బల్ల పళ్ళెం నా వరసకు వచ్చినప్పుడు తీసుకోకుండా పక్కకి అందించేదాన్ని. ఎవరన్నా అడిగితే కడుపులో బాగాలేదనేదాన్ని. మూడు నెలలు వరసగా కడుపు ఎట్లా బాగోకుండా ఉంటుందని మా అమ్మ ఒకసారి నా మొహం వైపు చూసింది. 

షాపులో నిలబడి అమ్మే మనిషి అనంతసాగరం వైపు నుంచి షేరింగ్ ఆటోలో వచ్చేవాడు. యాభై దాటిన ముస్లిం ఆయన, ఇంటి దగ్గర నాలుగు బర్రెలున్నాయి. లైసెన్సు ఉన్న మనిషి తరఫున అమ్మడానికి ఇచ్చే కాగితాన్ని నౌకర్‌నామా అంటారు. అది ఆయన పేరు మీద ఉంది. ఆయన మందు ముట్టడు. తాగేవాణ్ణి కౌంటర్లో పెడితే సగం సరుకు వాడే తాగుతాడని బావ వెతికి మరీ ఆయన్ను పెట్టుకున్నాడు. రంజాన్‌కు మా ఇంటికి డబ్బాతో సేమ్యా పాయసం తెచ్చి, లోపలికి రాకుండా గేటు దగ్గరే ఇచ్చిపోయాడు. ఆ షాపు కాగితాల మీద ఉన్నవి రెండే పేర్లు, నాదీ ఆయనదీ. ఇద్దరమూ చుక్క నోట పెట్టనివాళ్ళమే.

ఇప్పుడు మళ్ళీ పెట్టెల దగ్గరికి వస్తాను.

నేను చప్పుడు విన్నది సోమవారం. అంతకుముందు శనివారం పిల్లలకు సెలవు. ఎండకు బయటికి పోనియ్యలేదని సామాన్ల గదిలో స్కూలాట మొదలుపెట్టారు. పాప టీచరు, ఐదేళ్ళ తమ్ముడు క్లాసంతా. పలక బలపం వాడికిచ్చి, తనకు బోర్డు కావాలని పాప ఒక అట్టపెట్టెను బోర్డు చేసుకుంది. నల్ల స్కెచ్ పెన్నుతో దాని పక్క మీద మూడో ఎక్కం రాసింది. నేను బట్టలు మడత పెట్టుకుంటూ ఆ గదిలోకి పోయినప్పుడు చూస్తే, మూడు ఏడుల దగ్గర ఇరవై నాలుగు అని ఉంది. తమ్ముడు దాన్నే గట్టిగా వల్లిస్తున్నాడు.

చూసి ఊరుకోలేకపోయాను. కిటికీలో ఉన్న ఎర్ర పెన్ను తీసుకుని ఇరవై నాలుగు కొట్టేశాను. పక్కన ఇరవై ఒకటి వేసి, కింద తెలుగులో 'మళ్ళీ చూసుకో' అని రాసి గీత గీశాను. స్కూల్లో నోటుబుక్కులు దిద్దేటప్పుడు అట్లాగే రాసేదాన్ని. పాప మూతి ముడుచుకుంది. పిల్లల ముందు టీచర్ని తప్పు పట్టొచ్చా అంది. నవ్వి బయటికొచ్చేశాను.

సోమవారం నేను కాలితో జరిపింది దాని పక్కనున్న పెట్టెను.

ఆ సాయంత్రం మా ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు, ఆ పెట్టెల్లో ఏమున్నాయని అడిగాను. అన్నం కలుపుకుంటున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"టైల్సు అని చెప్పినాడు గదా అన్న."

"టైల్సు నీళ్ళమాదిరి కదలవు."

"నీకెందుకే. రేపటికి ఉండవులే."

నిజంగానే మర్నాటికి లేవు. నేను గుడి ఆడవాళ్ళ ప్రార్థనకు పోయి వచ్చేసరికి గది ఖాళీగా ఉంది. నేల మీద ఎనిమిది పెట్టెల జాడ మట్టుకు దుమ్ము లేకుండా చదరంగా మిగిలింది. ఆ మిగిలిన సగం గదిని కూడా ఊడ్చేశాను. మనసు కొంచెం తేలికైంది. ఆ తేలికపడటం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేసి, షాపు మీద ఎక్సైజు వాళ్ళు పడ్డారన్నాడు. ఖాళీ పెట్టెలు వేసే వెనక గదిలో ఆరు పెట్టెల మందు దొరికిందట. పక్క రాష్ట్రం సరుకు. మన రాష్ట్రంలో పన్ను కట్టినట్టు సీసా మూతి మీద అంటించే లేబుల్ ఒక్కదానికీ లేదు. అమ్మే ఆయన్ను స్టేషన్లో సాయంత్రం దాకా కూర్చోబెట్టి, పిలిస్తే రావాలని నోటీసిచ్చి పంపారు. షాపుకు తాళం పడింది. నేను విన్నదాంట్లో నా చెవిలో నిలిచింది ఒక్క మాటే. ఆ సీసాలు టైల్స్ పెట్టెల్లో ఉన్నాయట.

ఆ రోజు నుంచి గేటు చప్పుడైతే చాలు, చేతిలో ఉన్నది కింద పెట్టేసేదాన్ని. పొయ్యి మీద పాలు మూడుసార్లు పొంగిపోయాయి. ఎవరొచ్చి ఏమడుగుతారో, నన్ను తీసుకుపోతే చిన్నవాడికి అన్నం ఎవరు కలిపి పెడతారో అని ఒకటే ఆలోచన. వాడు నా చేతి ముద్ద తప్ప తినడు. నా తోడికోడలు పెడితే పళ్ళు బిగించుకుంటాడు. పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు వీధి చివరి దాకా రెండుసార్లు పోయి వచ్చేదాన్ని. వచ్చాక వాళ్ళను గదిలో కూర్చోబెట్టి తలుపేసి ఒక పాఠం చెప్పాను.

ఎవరన్నా అడిగితే మన ఇంట్లో పెట్టెలు లేవని చెప్పండి, మేము ఏ పెట్టెలూ చూడలేదని చెప్పండి అన్నాను. రెండుసార్లు చెప్పించాను. పాప నా వైపు వింతగా చూసింది గానీ చెప్పింది. చిన్నవాడు మాత్రం దాన్ని పద్యంలాగా పట్టుకున్నాడు. మరుసటి రోజు పాలామె చెంబు అందుకోబోతుంటే వాడు అరుగు మీద నుంచి, "మా ఇంట్లో పెట్టెలు లేవు, మేము ఏ పెట్టెలూ చూడలేదు," అని రాగం తీశాడు.

"లేకపోతే లేవులే నాయనా, నేనేమన్నా అడిగినానా," అంది పాలామె.

ఆమె నవ్వుకుంటూ పోయింది. నేను లోపలికొచ్చి తలుపు వెనక నిలబడిపోయాను. స్కూలు వ్యాను డ్రైవరుకూ చెప్పాడట. మేడ మీద పనిచేసే మేస్త్రికీ చెప్పాడట. వద్దురా అంటే, నువ్వే కదా చెప్పమన్నావు అన్నాడు.

నోటీసు నా పూర్తి పేరుతో, పుట్టింటి ఇంటిపేరుతో సహా వచ్చింది. పెళ్ళయ్యాక ఆ ఇంటిపేరుతో నన్ను ఎవరూ పిలవలేదు. లైసెన్సు ఎందుకు రద్దు చెయ్యకూడదో చెప్పుకోవాలని, లైసెన్సుదారు స్వయంగా హాజరు కావాలని అందులో ఉంది. జిల్లా అధికారి ఆ రోజు ఆత్మకూరులో కూర్చుని విచారిస్తారట.

బావ ఒక లాయర్ని మాట్లాడాడు. నా తరఫున జవాబు ఆయనే రాశాడు. షాపు వ్యవహారం నేను స్వయంగా చూసుకుంటున్నాననీ, నౌకర్‌నామా ఉన్న మనిషి నాకు తెలియకుండా తన లాభం కోసం బయటి సరుకు తెచ్చి పెట్టాడనీ, విషయం తెలిసిన వెంటనే అతన్ని తీసేశాననీ అందులో ఉంది. లాయరు నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగానే వివరించాడు. ఇట్లాంటి కేసులో ఎవరో ఒకరు ముందు నిలబడాలి. లైసెన్సు ఉన్న మనిషయినా నిలబడాలి, నౌకర్‌నామా ఉన్న మనిషయినా నిలబడాలి. మూడో పేరు కాగితాల్లో లేదు. నేను చెయ్యాల్సిందల్లా అవన్నీ నిజమే సార్ అని ఒక మాట అని, సంతకం పెట్టి రావడమే.

మూడో పేరు ఉన్న మనిషి నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"నీకేం కాదమ్మా," అన్నాడు బావ. "వాడితో నేను మాట్లాడినాను. వాడు ఒప్పుకున్నాడు. వాడి ఇల్లు నేను చూసుకుంటా."

విచారణ రోజు కార్లో పోయాం. బావ ముందు సీట్లో, మేమిద్దరం వెనక. మా ఆయన దారంతా కిటికీలోంచి బయటికే చూశాడు. పిల్లలతో బస్సులో ఎన్నోసార్లు పోయిన దారే అది. ఒక్క ఊరు కూడా గుర్తుపట్టలేదు.

ఆఫీసు వరండాలో బల్ల మీద ఆయన కూర్చుని ఉన్నాడు, మా షాపులో అమ్మే ఆయన. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. బావా మా ఆయనా లాయరు దగ్గరికి పోయారు. బర్రెలు బాగున్నాయా అని అడిగాను. ఒకటి ఈనిందని, దూడ ఆడదని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నువ్వేం భయపడొద్దమ్మా. నేనే తెచ్చినానని చెప్తా. పిలకాయలుండే ఇల్లు మీది."

"నీకు లేరా పిలకాయలు?"

"పెద్దోళ్ళైనారులే," అన్నాడు.

అంతలో లోపలికి పిలిచారు.

అధికారి కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చదివే మనిషి. గట్టిగా మాట్లాడలేదు. క్రిమినల్ కేసు వేరే నడుస్తుందనీ, ఈ రోజు తాను చూసేది లైసెన్సు ఉంచాలా తీసెయ్యాలా అన్నదొక్కటేననీ, అయితే ఇక్కడ మేము రాసిచ్చేది ఆ కేసులోకి కూడా పోతుందనీ ముందే చెప్పాడు. లాయరు నా జవాబు అందించాడు. అధికారి అది చదువుతూ, షాపులో రోజుకు ఎంతమంది పనిచేస్తారని నన్ను అడిగాడు. లాయరు ఇద్దరని చెప్పాడు. షాపు ఎన్నింటికి తెరుస్తారన్నాడు. దానికీ లాయరే చెప్పాడు. అధికారి తలెత్తి లాయరు వైపు ఒకసారి చూసి మళ్ళీ ఫైలులోకి తల దించాడు.

"పట్టుకున్న సరుకు ఇది," అంటూ పెద్ద సైజు ఫోటోలు నాలుగు బల్ల మీద పరిచాడు. "మీరు చూసినారా వీటిని ఎప్పుడన్నా?"

లేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మాట నేనే పిల్లలకు నేర్పిన మాట, నోటి చివరే ఉంది. అప్పుడు మూడో ఫోటో కనిపించింది. పేర్చిన పెట్టెల్లో కింద వరసలో ఒకదాని పక్క ఇటు తిరిగి ఉంది. నల్ల స్కెచ్ పెన్నుతో పై నుంచి కింది దాకా మూడో ఎక్కం. ఏడో వరసలో ఎర్ర గీత, పక్కన ఇరవై ఒకటి, దాని కింద 'మళ్ళీ చూసుకో'.

దగ్గరికి తీసుకుని చూడొచ్చా అని అడిగాను. ఆయన ఫోటో నా వైపు జరిపాడు. ఎవరో పిల్లోళ్ళు గీకినట్టున్నారు అన్నాడు, పెద్దగా పట్టించుకోకుండా.

ఆ ఫైలు నిండా నా పేరుతో సంతకాలున్నాయి. దరఖాస్తు మీద, నౌకర్‌నామా మీద, నెల నెలా ఇచ్చిన కాగితాల మీద ఉన్నాయి. అందులో ఒక్కటీ నాది కాదు. అంత ఫైల్లో నా చేత్తో నేను రాసింది ఆ అట్టపెట్టె మీద ఉన్న రెండు మాటలే. తలుపు దగ్గర మా షాపులో అమ్మే ఆయన చేతులు కట్టుకుని నిలబడి, తనను ఎప్పుడు పిలుస్తారా అని చూస్తున్నాడు. లాయరు నా మోచేతిని పెన్నుతో తాకాడు. చెప్పమ్మా అన్నాడు.

ధైర్యం వచ్చి మాట్లాడానని ఎవరన్నా అనుకుంటే అది నిజం కాదు. పాప నోటుబుక్కుల్లో కూడా నేను దిద్దిన చోటల్లా ఇదే చేతిరాత ఉంటుందనీ, ఎవరన్నా పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుందనీ భయం కూడా అందులో ఉంది. భయమెంతో మిగిలినదెంతో నాకే తెలియదు.

"ఈ పెట్టె మా ఇంట్లో ఉండింది సార్," అన్నాను. "ఈ ఎక్కం రాసింది మా పాప. దిద్దింది నేను. ఆయన తేలేదు."

లాయరు ఏదో అనబోతే అధికారి చెయ్యెత్తి ఆపాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరు చెప్పేదానికి ఏమవుతుందో తెలుసా మీకు?"

"పూర్తిగా తెలీదు సార్."

తెల్లకాగితాలు ఇచ్చి, ఎవరి సాయం లేకుండా రాసియ్యమన్నాడు. పక్కనున్న కుర్చీలో కూర్చుని రాశాను. పెట్టెలు ఏ రోజు వచ్చాయో, ఎవరు దించారో, టైల్సని ఎవరు చెప్పారో, చప్పుడు విని కూడా నేను నోరెందుకు మూసుకున్నానో రాశాను. బావ అని రాసిన చోట పెన్ను ఆగింది. మళ్ళీ రాశాను. చివర తెలుగులో సంతకం పెట్టాను. ఆయన దాన్ని దరఖాస్తు పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఇది మీ సంతకం కాదా అని దరఖాస్తు చూపించాడు. కాదన్నాను. ఎవరిదని అడుగుతాడేమోనని కిటికీ వైపు చూశాను. మా ఆయన వరండాలో కిటికీ పక్కనే ఉన్నాడు. అధికారి అడగలేదు, నేను చెప్పలేదు. ఆ ఒక్కటి దాచుకున్నాను. కేసులో అది ఎట్లాగూ బయటపడుతుందని లాయరు తర్వాత అన్నాడు.

బయటికొచ్చాక ఆ పెద్దాయన సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు.

"ఎందుకమ్మా ఇట్ట చేసినావు. నేనొకణ్ణి పొయ్యేవాణ్ణి. ఇప్పుడు అందరం పోవాల."

"నువ్వు తేలేదు గదా."

"తేలేదు. వెనకగదిలో ఉండాయని తెలుసు గదా నాకు," అన్నాడు. "ఇంటికి పొయ్యి ఏమన్నా తిను," అని చెప్పి అనంతసాగరం ఆటోల వైపు నడుచుకుంటూ పోయాడు.

బావ కారెక్కి వెళ్ళిపోయాడు, మా కోసం ఆగలేదు. మేమిద్దరం బస్సులో వచ్చాం. ఉదయగిరి కొండ కనపడేదాకా మా ఆయన బస్సు టికెట్లు మడత పెడుతూ కూర్చున్నాడు. అప్పుడు, దరఖాస్తు మీద సంతకం ఎవరిదని అడిగినారా అన్నాడు. అడగలేదన్నాను. చెప్పి ఉండాల్సింది అన్నాడు. అది కోపమో మరేమిటో నాకు అర్థం కాలేదు. కాసేపటికి నా చేతిలో ఉన్న సంచి ఆయన తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇది జరిగి కొన్ని నెలలైంది. లైసెన్సు రద్దయింది. కేసులో నా పేరుంది, బావ పేరుంది, ఆ పెద్దాయన పేరుంది. పిలిచినప్పుడల్లా పోయి వస్తున్నాం. మేడ మీది వాళ్ళు మాతో మాట్లాడరు. ఆ బాత్రూము గోడలు ఇప్పటికీ సిమెంటుతోనే ఉన్నాయి. నాకు నిద్ర రాదు. పిల్లలు పడుకున్నాక ఈ నోటుబుక్కు తీసుకుంటాను. రాస్తున్నంతసేపు చెవులు గేటు మీదే ఉంటాయి. అయినా రాయాలని కూర్చున్నప్పుడు ముందు గుర్తొచ్చేది ఆ ఆఫీసు గది కాదు, దాని మర్నాటి ఉదయం.

దోసెలు పోస్తున్నాను. పిల్లలు యూనిఫాం వేసుకుని వంటింటి గడప దగ్గర కూర్చున్నారు. చిన్నవాడు పళ్ళెం మీద చెంచాతో కొడుతూ, మా ఇంట్లో పెట్టెలు లేవు, మేము ఏ పెట్టెలూ చూడలేదు అని తన పాట అందుకున్నాడు. పొయ్యి ఆపేశాను. వాళ్ళ ముందు కింద కూర్చున్నాను.

పెట్టెలు మన ఇంట్లోనే ఉండినాయి, లేవని మీకు నేర్పింది నేను, నేను నేర్పింది తప్పు అని చెప్పాను. చిన్నవాడు చెంచా ఆపి, అయితే ఇప్పుడు కొత్తది నేర్పుతావా అన్నాడు. పాప మాత్రం వెంటనే అడిగింది.

"నేను వాటి మీద రాసినందుకు నన్ను పట్టుకపోతారా?"

"నిన్ను ఎవరూ ఏమీ అనరు."

"నిన్ను?"

అబద్ధం చెప్పడం ఎంత సులువో అప్పుడు మళ్ళీ తెలిసింది. నా నోటి దాకా వచ్చింది.

"తెలీదమ్మా," అన్నాను. "పిలుస్తారు. పోతాను. నేను లేని పూట తమ్ముడికి ముద్దలు నువ్వు పెట్టాల. రేయ్, నువ్వు తినాల. ఎవరన్నా వచ్చి పెట్టెలు ఉండినాయా అని అడిగితే, ఉండినాయని చెప్పండి. ఎక్కం ఎవరు రాసినారంటే నేనేనని చెప్పు. దిద్దింది ఎవరంటే, మా అమ్మ అని చెప్పు."